ప్లీడరుగారి బంగళాలో వంటావిడ

శనివారం ఉదయం తొమ్మిదో తరగతి పిల్లలు నలభై ఇద్దరు ప్లీడరుగారి బంగళా ముందు బస్సు దిగారు. సోషల్ చెప్పే ఇమ్మానియేలు మాస్టారు వాళ్ళను రెండు వరుసల్లో నిలబెట్టారు. వరుస చివర నిలబడ్డ కోటిరత్నానికి బడిలో అదే ఆఖరి రోజు. అది 1984 ఫిబ్రవరి. చేలల్లో మిరప పండి ఉంది. సోమవారం నుంచి కూతుర్ని కోతకు పంపుతానని తల్లి పుల్లమ్మ ముఠా మేస్త్రి అంకయ్యకు మాటిచ్చేసింది. ఒకసారి కోతకు వెళ్ళి మళ్ళీ బడికి వచ్చిన ఆడపిల్ల వాళ్ళ పేటలో ఇంతవరకు లేదు.

బంగళాను మ్యూజియంగా మార్చి ఇరవై ఏళ్ళయింది. కుర్చీలు, లాంతర్లు, లా పుస్తకాలతో పాటు అక్కడ బతికినవాళ్ళ నీడలు కూడా గోడల మీద ఉండిపోయాయి. ఒక్కో నీడ కింద ఒక్కో రేకు బోర్డు. వాటిని చూపించే పని మొహిద్దీన్ బాషాది.

"ఈయన ప్లీడరుగారు. పదకొండు దాకా పేపరు చదువుతారు. వెలుతురికి అడ్డం రాకండి, విసుక్కుంటారు."

"ఒరేయ్, అచ్చం మన హెడ్మాస్టరు పొట్టే!" అన్నాడు వెనక నుంచి ఎవడో. మాస్టారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు.

వంటింటి గోడ మీద ఒక ఆడమనిషి నీడ పీట వేసుకుని కూర్చుని ఉంది. ముందు చాట. కుడిచెయ్యి ఆగకుండా కదులుతోంది. బాషా బోర్డు చదివాడు: "వంటమనిషి మిరపకాయల తొడిమలు తీయుట."

"తొడిమలు కాదండీ," అంది కోటిరత్నం.

"ఇరవై ఏళ్ళుగా రోజూ చూస్తున్నానమ్మాయ్!"

"తొడిమ తీయాలంటే ఒక చేత్తో కాయ పట్టుకోవాలి కదండీ. ఆవిడ ఎడమచెయ్యి మోకాలి మీదే ఉంది. కుడిచేతి వేలొకటే కదుల్తోంది. చాటలో పిండి ఉన్నట్టుంది. రాస్తోందండీ."

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని గోడకు దగ్గరగా వెళ్ళారు. వేలు అ రాసింది, ఆ రాసింది. అలా ఔ దాకా వెళ్ళి ఆగింది. అరచెయ్యి చాటంతా తుడిచేసింది. మళ్ళీ అ నుంచి మొదలుపెట్టింది.

"పక్క గదిలో ప్లీడరుగారి పిల్లలకు పంతులు చెప్పేవాడు," అన్నాడు బాషా నెమ్మదిగా. "అక్కడి దాకా విన్నట్టుంది. ఆ తర్వాత ఏ పనికి పిలిచారో!"

కోటిరత్నం గోడ పక్కన గొంతుక్కూర్చుంది. ఆమె నీడ వంటావిడ నీడ పక్కన పడింది. వంటావిడ కాస్త జరిగి పీట మీద చోటిచ్చింది. కోటిరత్నం గాలిలో వేలితో అం, అః రాసి చూపించింది. బస్సు హారన్ కొట్టగానే లేచి వెళ్ళిపోయింది. నీడ మాత్రం లేవలేదు.

సోమవారం పొద్దున్నే చేలో అంకయ్య ఆ పిల్లను పైకీ కిందికీ చూశాడు. ఆ చేలల్లో ఎవరికీ గడియారాలు లేవు. సాయంత్రం ఎవరి నీడను వాళ్ళే అడుగులతో కొలుచుకుంటారు. ఎనిమిది అడుగులు వస్తే పని దిగుతారు.

"నీడ లేని పిల్లని ఎన్నింటికి దించమంటావ్ పుల్లమ్మా? ఎండలో పడిపోతే నలుగురూ నన్నే అంటారు. తీసుకుపో. నీడ దొరికాక రండి."

పుల్లమ్మ తిట్టుకుంటూ కూతుర్ని బస్సెక్కించి బంగళాకు తీసుకెళ్ళింది. వంటింటి గోడ మీద రెండు నీడలు చాట మీదికి వంగి ఉన్నాయి. పుల్లమ్మ వెళ్ళి కూతురి నీడను రెక్క పట్టి లాగబోయింది. చేతికి గోడ సున్నం అంటింది తప్ప నీడ కదల్లేదు.

"లాగితే రాదమ్మా," అన్నాడు బాషా. "పాఠం మధ్యలో ఉన్నారు. రెండు రోజుల్లోనే గుణింతాల దాకా వచ్చేశారు. ఒక సంగతి చెప్పనా? ఈ పిల్లకు వచ్చినంతే ఈ పిల్ల నీడకూ వస్తుంది. ఈ పిల్ల చదువు ఎక్కడ ఆగితే ఆ వంటావిడ చదువూ అక్కడే ఆగుతుంది."

పుల్లమ్మ గోడ వైపు చూసింది. వంటావిడ తప్పు రాసినట్టుంది, చిన్న నీడ ఆమె వేలు పట్టి దిద్దింది.

"ఎప్పటికవుద్దండీ ఆవిడ చదువు?"

"ఆవిడకేం తొందరమ్మా? పోయి యాభై ఏళ్ళయింది."

పుల్లమ్మ చేతికంటిన సున్నం కొంగుకు తుడుచుకుంది. కూతురి వైపు తిరిగి, "ఇంకా నిలబడ్డావేమే? పది గంటల బస్సెక్కితే మధ్యాహ్నం బడికన్నా అందుతావు," అంది.