నాయన సీరియస్

"నాయన సీరియస్‌గా ఉండాడు. ఇద్దరూ బయల్దేరి రాండి." అంతే చెప్పినాడు అన్న భూపేష్, ఫోన్ కట్టయిపోయింది. సాహితి మళ్ళీ చేస్తే స్విచాఫ్.

ఎర్రగుంట్లలో సిమెంటు దుమ్ము పట్టిన వరండాలో ఆమె అట్లే కూలబడింది. రెండేండ్ల కిందట జయకుమార్‌ను పెండ్లి చేసుకున్న పొద్దు కూడా అన్న ఇదే మాట అన్నాడు: "నాయన శానా సీరియస్‌గా ఉండాడు, ఊర్లోకి రావాకు." చర్చికి పోయే లారీ డ్రైవరు నాకు అల్లుడా అని నాయన వీరభద్ర ఆ పొద్దు కొడవలి పట్టుకోని నందికొట్కూరు బస్టాండు దాకా వచ్చినాడంట. అదే మాట ఆస్పత్రిలో అంటే మనిషి దక్కడని. మరి ఇప్పుడు ఏ సీరియస్?

"జబ్బయితే ఏం జబ్బో చెప్పేవాడు గదా. ఇద్దరినీ ఎందుకు రమ్మన్నాడు? నువ్వు రావాకు జయా."

"నిన్నొక్కదాన్నే పంపిచ్చి నేనెట్ల కూచుంటా?" అన్నాడు జయకుమార్ చొక్కా వేసుకుంటా.

బస్సు నంద్యాల దాటినాక, నిజంగా జబ్బే అయ్యుంటే బాగుండు అనిపించింది సాహితికి. కన్నతండ్రికి జబ్బు కోరుకుంటున్నానని తెలిసొచ్చి కిటికీ తట్టు మొగం తిప్పుకుంది.

నందికొట్కూరు బస్టాండులో మొగుణ్ణి టీకొట్టు దగ్గర బలవంతంగా ఆపింది. "నా ఫోన్ రాకుంటే నేరుగా పోలీస్ స్టేషన్‌కు పో. ఊర్లోకి మాత్రం రావాకు."

ఊర్లో ఆటో దిగేసరికి ఇంటి ముందర గుంపుగా చెప్పులు. అరుగు మీద చిన్నాయనలు. ఎవరూ పలకరించలేదు. భూపేష్ ఎదురొచ్చి మొదట అడిగిందే, "ఆయప్ప యాడ, నీ మొగుడు?"

"రాలేదు" అని ఆమె అబద్ధమాడింది.

లోపల మంచం మీద నాయన. మూతి ఒకపక్కకు పోయింది, కుడిచెయ్యి పడిపోయింది. కర్నూలు డాక్టర్లు ఇంటికి తీసుకపోమన్నారంట. సాహితి మంచం కోడు పట్టుకోని ఏడ్చింది. ఆయన చూపు మాత్రం ఆమెను దాటి వాకిలి మీదికి పోయింది.

"వా... వాడేడ?"

ఆ ముద్దమాటలో కోపముందో లేదో ఆమెకు అంతుపట్టలేదు.

"పడిపోయినప్పట్నుంచీ ఇదే అడుగుతాండాడు," అన్నాడు భూపేష్. "ఎందుకని అడిగితే చెప్పేదానికి మాట రాదు."

"ఫోన్‌లో ఈ ముక్క చెప్పకపోతివే అన్నా."

"చెప్పినా గదమ్మా, సీరియస్ అని." అంతలోనే తన ఫోన్ చార్జింగ్ అయిపోయిందన్నాడు.

"బస్టాండులో ఉండాడు" అని చెప్పేసింది సాహితి. అన్న బండి తాళం తీసుకుంటే, "నేనూ వస్తా" అని వెనక ఎక్కింది. అన్నను ఒంటరిగా పంపే ధైర్యం ఆమెకు రాలేదు.

జయకుమార్ మంచం దగ్గరికి రాగానే వీరభద్ర ఎడమచేత్తో తడుముకోని అతని మణికట్టు పట్టుకున్నాడు. సాహితి ఒక అడుగు ముందుకేసింది.

"కూ... కూచో," అన్నాడు ముసలాయన.

జయకుమార్ మంచం అంచున కూచున్నాడు. పట్టిన చెయ్యి ఆయన వదల్లేదు.