జీపుకు ఎదురొచ్చిన భూమవ్వ

రిబ్బను తెగి గంట కాలేదు, కొత్త దవాఖాన ముందు జీపు ఇంజను మోగింది. భూమవ్వ గుమ్మంలోకి వచ్చి చూసింది. లోపల గచ్చు మీద ఆమె కూతురు యాదవ్వ నొప్పులతో మెలికలు తిరుగుతోంది. కడుపులో పిల్ల అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. ఊరికొచ్చిన ఒక్కగానొక్క డాక్టరేమో జీపెక్కుతున్నాడు.

కొండల్‌రావు దొర పోయిన ఎలక్షన్లలో ఈ దవాఖాన పేరు చెప్పుకునే గెలిచాడు. ఐదేళ్లు ఊరించి, మళ్లీ ఎలక్షన్లు రాగానే గోడలు లేపి, సున్నం ఆరకముందే రిబ్బను కత్తిరించాడు. ఇప్పుడు కరీంనగర్ పోయి, మంచి గడియ దాటకుండా నామినేషన్ వెయ్యాలి.

భూమవ్వ ఉరికి జీపు ముందు నిలబడింది. బొట్టులేని ముఖం, గాజుల్లేని చేతులు.

డ్రైవర్ రాజం బ్రేకు తొక్కాడు. విధవ ఎదురైతే దిగి, కాళ్లు కడుక్కుని, కాసేపు కూర్చుని గానీ బయల్దేరకూడదు. ఈ పట్టింపులో దొర తు.చ. తప్పడు. దిగాడు, కడుక్కున్నాడు, కూర్చుని లేచాడు. జీపు కదిలింది. భూమవ్వ మళ్లీ ఎదురొచ్చింది.

"సిగ్గున్నదానే నీకు? మంచి పని మీద పోతుంటె గా మొఖం వెట్టుకొని ఎదురొస్తవా?"

"డాక్టర్ సాబును దింపు దొరా. గీ మొఖం నేనే ఇంట్ల దాసుకుంట."

జనం చూస్తున్నారు. ఓట్ల ముందు ఆడమనిషి మీద చెయ్యి వేయించలేక, దొర పళ్లు నూరుతూ డాక్టరును దింపాడు.

లోపలికొచ్చిన డాక్టరు యాదవ్వను చూసి గోడకు అతుక్కుపోయాడు. భూమవ్వ అతని సంచీ లాక్కుని తెరిచింది. ఒక దువ్వెన, తమలపాకుల పొట్లం.

"నేను డాక్టర్ను కాదవ్వా. దొర బామ్మర్దిని. హుజూరాబాద్‌ల బట్టల దుకాణం నాది. మెడల గీ గొట్టం ఏసుకొని నిలవడుమన్నడు."

భూమవ్వ బయటికొచ్చేసరికి దొర ఇంకా కాళ్లు కడుక్కుంటున్నాడు.

"డాక్టరు లేడు, మందు లేదు. గీ గోడలెందుకు గట్టినవ్ దొరా?"

దొర గొంతు తగ్గించాడు. "పిచ్చిదానా, అన్నీ ఒక్కసారే ఇస్తె మళ్లొచ్చే ఎలక్షన్ల ఏం జెప్పి ఓటడగాలె? ఈసారి గోడలు. మళ్లసారి డాక్టరు. జర ఓపిక వట్టు."

"నా బిడ్డ కడుపులున్నదానికి ఎలక్షన్లు తెల్వయి."

ఆడవాళ్లు యాదవ్వను మోసుకొచ్చి జీపు వెనక పడుకోబెట్టారు. భూమవ్వ ఎక్కి ముందు సీట్లో కూర్చుంది.

"కరీంనగర్ మిషన్ దవాఖానకు తోలు కొడుకా. దొర గూడ వస్తె రానియ్యి, నా పక్కపొంటి కూసుంటడు."

దొర ఒక అడుగు ముందుకేసి ఆగిపోయాడు. విధవ పక్కన కూర్చుని నామినేషన్‌కు పోవడమా? రాజం యజమానిని చూశాడు, వెనక మూలుగుతున్న మనిషిని చూశాడు, గేరు వేశాడు.

కరీంనగర్‌లో కడుపు కోసి మగపిల్లవాణ్ణి తీశారు. యాదవ్వ బతికింది. రాజం కొలువు పోయింది. దొర నామినేషన్ మరునాడు వేశాడు, గెలిచాడు, కొత్త దవాఖానలో తన వడ్ల బస్తాలు నింపి తాళం పెట్టాడు.

ఆ కబురు విన్న భూమవ్వ కరీంనగర్‌లోనే కూలికి కుదిరింది. ఊరికెప్పుడు పోదామని యాదవ్వ అడిగితే మనవడి తల నిమురుతూ చెప్పింది:

"గాడికి పోవుడు లేదు బిడ్డా. నీకు మళ్ల నొప్పులొచ్చిననాడు గాడికి జీపు రాదు."