బి సెక్షన్ ఇంగ్లీషు పాఠం

ఇన్‌స్పెక్టరు మా హైస్కూలు చూడడానికి వచ్చిన రోజు మేం బడిలో లేం. సున్నపు బట్టీ దగ్గర ఉన్నాం.

పొద్దున ప్రార్థన కాగానే హెడ్మాస్టరు వరండాలో నిలబడి, "తొమ్మిదో తరగతి బి సెక్షన్ మొత్తం శ్రమదానానికి పోవాలి" అన్నాడు. రోడ్డు గుంతలు పూడ్చడానికేమో అనుకున్నాం. డ్రిల్లు మాస్టారు మమ్మల్ని వరసలో నడిపించి ధనుంజయరావు బట్టీలకి తోలుకుపోయాడు. ధనుంజయరావు సమితి ప్రెసిడెంటు. మా బడి కమిటీకీ ఆయనే పెద్ద. పిడుగురాళ్ల నుంచి కారంపూడి పోయే దారిలో రాయి తీసే గనులు, ఆ రాయి కాల్చే బట్టీలు సగానికి సగం ఆయనవే.

ఎందుకు పంపారో మాకు తెలియనిదేం కాదు. ఇన్‌స్పెక్టరు ఇంగ్లీషు రీడరు తీసి చదవమంటాడు. మాకు చదవడం రాదు. ఎ సెక్షన్ నిండా ఆసాముల పిల్లలు. వాళ్లకి ఇంగ్లీషు చెప్పడానికి నాగేశ్వరరావు మాస్టారున్నారు. బి సెక్షన్‌లో కూర్చునేది ఊరవతలి పల్లె నుంచి, వడ్డెర గుడిసెల నుంచి, సాయిబుల వీధి నుంచి వచ్చినవాళ్లం. ఆరో తరగతిలో చేరింది మొదలు మాకు ఇంగ్లీషు మాస్టారంటూ లేడు. ఆ పీరియడులో బడితోటకి నీళ్లు పోసేవాళ్లం. పబ్లిక్ పరీక్షలో బి సెక్షన్ ఇంగ్లీషు దగ్గరే తప్పేది. తప్పినవాళ్లు బట్టీలో చేరేవాళ్లు. మా అన్న అట్లాగే చేరాడు. బట్టీ మేస్త్రీ నన్ను కూడా అప్పుడప్పుడూ పలకరిస్తూ ఉండేవాడు, ఏరా యల్లమందా, ఎప్పుడొస్తావురా అని.

ఆ రోజు ముసురు పట్టింది. కాలిన సున్నపురాయి కుప్పలు పోసి ఉంది. అది తడవకముందే కొట్టంలోకి చేరవేయాలని మేస్త్రీ తొందరపెట్టాడు. తడి తగిలిందంటే ఆ రాయి కుతకుత ఉడుకుతుంది, పగిలి చిమ్ముతుంది. మా క్లాసు ఎస్తేరు గంప నెత్తికెత్తుకోబోతుండగా జల్లు పెద్దదయింది. గంపలో సున్నం బుసకొట్టి మొహాన చిమ్మింది. ఆ పిల్ల కేక బట్టీల అవతల లారీల దాకా వినపడింది.

గుంటూరు ఆసుపత్రిలో డాక్టరు కుడికన్ను ఇక కనపడదని చెప్పాడు.

ఎస్తేరు తల్లి ఫిలోమినత్త కూడా బట్టీ కూలే. ఆదివారం ఆరాధన అయినాక ఎవరూ ఇళ్లకి పోలేదు. పల్లెలోని ఏసు గుళ్లోనే మీటింగయింది. వడ్డెరవాళ్లం, సాయిబులం గుమ్మాల దగ్గర, కిటికీల దగ్గర నిలబడ్డాం. ఫిలోమినత్త ఏడవలేదు.

"నా బిడ్డని బడికి పంపాను. బట్టీకెట్టా పోయింది? ఈ ఒక్కమాటకి ఎవరైనా జవాబు చెప్పండి."

సంఘపెద్ద జక్కయ్య తాత తలదించుకున్నాడు. "ఆయనతో పెట్టుకుంటే మనకి పనేదమ్మా? రాయి కొట్టకుండా ఒక్కపూట బతగ్గలమా?"

"మనం లేకుండా ఆయనకీ ఒక్కపూట గడవదు తాతా!" లారీ డ్రైవరు జహంగీర్ గుమ్మంలోంచే అరిచాడు. గని కూలీల యూనియన్ పెట్టింది ఆయనే. "బట్టీ మండాలంటే చేతులు కావాల. ఆ చేతులు తయారు చేసేది ఎక్కడనుకున్నావు? బి సెక్షన్లో!"

మిషను బడి టీచరు యేసుపాదం లేచాడు. మాలో సగంమందికి తెలుగు అక్షరాలు దిద్దించినవాడు. "ఇంగ్లీషుని నెత్తిన పెట్టుకోమని నేననడం లేదు. కోర్టు నోటీసు ఇంగ్లీషులో వస్తది. గని లీజు కాయితం ఇంగ్లీషులో ఉంటది. మనం దేని కింద వేలిముద్ర వేస్తన్నామో మనకి తెలవదు, వాళ్లకి తెలుసు. అంతే తేడా. మన పిల్లలు మొద్దులు కాదు. అక్షరం చెప్పకుండా తొమ్మిదో తరగతి పుస్తకం ముందు కూర్చోబెడితే ఎవరికైనా ఏం వస్తది? బి సెక్షన్‌కి మాస్టారిని వేయాల. వెనకబడ్డోళ్లకి మొదటినుంచి చెప్పే క్లాసు పెట్టాల. ఒక్క పిల్ల కూడా ఇక బట్టీకి పోకూడదు."

ఆ మాటలే అడగడానికి అందరం కమిటీ దగ్గరకి పోయాం. ధనుంజయరావు కేకలు వేయలేదు. అందరికీ మజ్జిగ ఇప్పించాడు. నిమ్మళంగా విన్నాడు. మజ్జిగ ఎవరూ తాగలేదు.

"ఎవరి తాహతుకి తగ్గ చదువు వాళ్లకుంది కదరా. మీకేం తక్కువ చేశాను? అక్కడ చైనావాడు సరిహద్దు మీద కూచోనుంటే, ఇక్కడ మీరు అలజడి చేస్తారా?" యేసుపాదం వైపు చూసి నవ్వాడు. "నీ చేత ఇవన్నీ పలికించే ఎర్రజెండావాళ్లెవరో నాకు తెలుసు. పైవాళ్లకి కూడా తెలుసు. పిల్లలు గలవాడివి, జాగ్రత్త."

యేసుపాదం మర్నాటి నుంచే గుడి వరండాలో ఇంగ్లీషు మొదలుపెట్టాడు. గని నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని పెద్దవాళ్లు కూడా వెనక కూర్చునేవాళ్లు. కంటికి కట్టుతో ఎస్తేరు ముందు వరసలో కూర్చునేది. రోజూ పొద్దుగూకే వేళకి ఒక జీపు వచ్చి మలుపు దగ్గర ఆగేది. అందులోంచి ఎవరూ దిగేవాళ్లు కాదు. పాఠం అయ్యేదాకా అక్కడే ఉండి వెళ్లిపోయేది. రోజులు గడిచేకొద్దీ అది మలుపు వదిలి గుడి వైపు జరుగుతూ వచ్చింది. యేసుపాదం గొంతు మాత్రం తగ్గలేదు.

ఒకనాడు మేస్త్రీ బట్టీ దగ్గర అందరినీ నిలబెట్టి చెప్పాడు. "ఆ క్లాసుకి పిల్లల్ని పంపేవాళ్లు రేపట్నుంచి పనికి రావద్దు."

మర్నాడు ఒక్కరూ పోలేదు. పిల్లలు లేనివాళ్లు కూడా పోలేదు. మంట వేసేవాళ్లు లేక బట్టీలు ఒకటొకటే చల్లారాయి. రాయి సగం ఉడికి సగం ఉడక్క లోపలే పాడయింది. మా ఊరిమీద పొగ లేని ఆకాశం నేనప్పుడే చూశాను. బాగుందనిపించలేదు. ఎక్కడా చప్పుడు లేదు. ఏదో జరగబోతున్నట్టే ఉంది.

అప్పుడు జీపులోంచి దిగారు. పట్టపగలు, పోలీసులు. యేసుపాదాన్ని మిషను బడిలో పిల్లల ముందే పట్టుకున్నారు. జహంగీర్‌ని లారీలోంచి లాగారు. గుడి వరండాలో ఉన్న నల్లబల్లని ఒక కానిస్టేబులు బూటుతో తన్ని విరగ్గొట్టాడు.

"ఏం నేరం చేశారు బాబూ?" ఫిలోమినత్త జీపుకి అడ్డం నిలబడింది.

"భారత రక్షణ చట్టం" అన్నాడు ఎస్సై. "వీళ్లవల్ల దేశానికి ముప్పు."

"మా పిల్లలకి ఇంగ్లీషు చెబితే చైనావాడికేంది లాభం?"

ఎస్సై ఆమెని పక్కకి నెట్టించాడు. జీపు గురజాల వైపు పోయింది. ఏ జైలుకి తీసుకుపోయారో ఎవరూ చెప్పలేదు.

విరిగిన బల్లచుట్టూ జనం నిలబడి ఉన్నారు. ఇక అంతా అయిపోయిందని ఎవరో గొణిగారు. ఎప్పుడూ మెల్లగా మాట్లాడే జక్కయ్య తాత అప్పుడు గట్టిగా అన్నాడు. "ఎట్టా అయిపోయింది? ఊళ్లో ఇంగ్లీషు చెప్పే మాస్టారు ఇంకొకాయన ఉన్నాడుగా!"

మర్నాడు మొదటి గంట కొట్టగానే బి సెక్షన్ అంతా ఎ సెక్షన్ గదిలోకి నడిచాం. బెంచీల మీద చోటు లేదు. మధ్య దారిలో, గోడల వెంబడి, బల్ల కింద కూర్చున్నాం. మా అమ్మలు, అయ్యలు గదిచుట్టూ వరండాలో నిలబడ్డారు. ధనుంజయరావు కొడుకు లేచి బయటికి పరిగెత్తాడు. మిగతావాళ్లలో కొందరు కదలకుండా కూర్చున్నారు, ఇద్దరు ముగ్గురు పక్కకి జరిగి మాకు చోటిచ్చారు.

నాగేశ్వరరావు మాస్టారు సుద్దముక్క బల్లమీద పెట్టేశాడు. "నా ఉద్యోగం పోతుందమ్మా" అన్నాడు గుమ్మం వైపు చూసి.

"మాకూ పని పోయింది సారూ" అంది ఫిలోమినత్త. "మీరు పాఠం చెప్పండి."

ఆయన సుద్దముక్క మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత బోర్డు వైపు తిరిగి మొదటి అక్షరం రాశాడు. మేం గొంతెత్తి చదివాం. నలుదిక్కులా వినపడేటట్టు చదివాం. అంతలో గేటు దగ్గర జీపులు ఆగిన చప్పుడు. ఒకటి కాదు. వరండాలో జనం చేతులు పట్టుకుని దగ్గరికి జరిగారు. వాళ్ల భుజాల మీదుగా లాఠీలు కనపడుతున్నాయి.

"ఎవర్రా మీకు లీడరు? బయటికి రండి!"

ఎస్తేరు లేచి నిలబడింది. ఆమె పక్కనే నేను లేచాను. గదిలో కూర్చున్నవాళ్లంతా లేచారు.

"పాఠం అయిందాకా ఆగండి" అంది ఎస్తేరు.

మాస్టారు రెండో అక్షరం రాశారు.