పొట్టాయన్ని సాగనంపిన రోజు

ఆ పుస్తకం పని మా స్టూడియోకి వచ్చినప్పుడు అందరికంటే ఎక్కువ సంబరపడింది నేనే. ఊళ్ళో సగం అద్దాల మేడలు కట్టిన కంపెనీ, తన పుట్టినరోజు వేడుకకి పాత ఫొటోలతో ఒక పెద్ద పుస్తకం వేయించాలనుకుంది. ఒకప్పుడు రాత్రిళ్ళు వెలిగిపోయి, ఇప్పుడు ఆనవాలు కూడా లేకుండా పోయిన చోట్లన్నీ అందులో ఉండాలి. స్కేటింగ్ హాలు, స్టేషన్ ఎదురుగా తెల్లవార్లూ తెరిచి ఉండే కేఫ్, రెండో ఆట తర్వాత కూడా జనం కదలని సినిమాహాలు, అన్నిటికీ మించి నీలం హాలు.

నీలం హాల్లో మా అత్త పాడేది. నాన్న తోబుట్టువు. మా ఇంట్లో ఆ మాట ఎత్తితే నాన్న ముఖం మాడిపోయేది కాబట్టి, ఎవరూ ఎత్తేవారు కాదు. అత్త కూడా ఎత్తదు. మేడమీద గదిలో ఉంటుంది, సాయంత్రాలు పిల్లలకు సంగీతం చెబుతుంది, తప్పు పాడితే తొడ మీద చరుస్తుంది. అంతే నాకు తెలిసింది.

ఫొటోలన్నీ తీసింది ఒక్కడే. నీలం హాల్లో వచ్చేపోయేవాళ్ళకి బొమ్మలు తీసే మనిషి. అందరూ ఆయన్ని ఫ్లాష్ అనే పిలిచేవారు. అత్తకి వరసకి తమ్ముడిలాంటివాడు, నాకు ఫ్లాష్ బాబాయ్. ఆయన పోయాక ఆయన భార్య, మా పిన్ని, నెగెటివ్‌లున్న రేకు పెట్టెను పుస్తకం కోసం కంపెనీకి అరువిచ్చింది. పేజీలు అమర్చే పని నాది.

మొదటి వారమే కంపెనీ ఛైర్మన్ ఆఫీసు నుంచి ఒక సూచన వచ్చింది. నీలం హాలు చివరి ఫొటోలో ఎడమవైపు కొంత కోసెయ్యమని. అలాంటి సూచనలు రోజూ వస్తాయి, పట్టించుకోలేదు. ఫొటోలు అత్తకి చూపిస్తే సంతోషిస్తుందనుకుని, అన్నీ ప్రింట్లు తీసి ఇంటికి పట్టుకెళ్ళాను.

అత్త ఒక్కొక్కటీ కళ్ళజోడు పైకి నెట్టి, కిందకి దించి, చాలాసేపు చూసింది. లేచి చెప్పులేసుకుంది.

"పద."

"ఎక్కడికి?"

"ఇవన్నీ ఎక్కడున్నాయో చూసొద్దాం."

"అవి లేవు కదత్తా!"

"లేని చోటైనా ఉంటుందిగా. పద."

బస్సెక్కి వెళ్ళాం. స్కేటింగ్ హాలు ఉన్నచోట కార్ల షోరూం. అత్త ఫొటోని చేత్తో ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి, ఆ గాజు గోడకి ఆనించి చూసింది. ఫొటోలో ఒక లావుపాటి మనిషి చక్రాల బూట్లతో వెల్లకిలా పడిపోయి ఉన్నాడు. చుట్టూ ఆడామగా నోరారా నవ్వుతున్నారు. "వీడు హెడ్ పోస్టుమాస్టరు. పగలు వీడి ముందు నిలబడాలంటే కాళ్ళు వణికేవి," అంది అత్త. లోపల కాపలా మనిషి మమ్మల్ని అనుమానంగా చూసి, అద్దం ముట్టుకోవద్దని చెయ్యి ఊపాడు.

కేఫ్ ఉన్నచోట ఫ్లైఓవర్ స్తంభం. దాని మీద ఏదో కోచింగ్ సెంటర్ పోస్టరు. సినిమాహాలు ఉన్నచోట ఇంకో అద్దాల మేడ.

"అద్దం! ఎక్కడ చూసినా అద్దం!" అత్త గొంతు లేచింది. "ఈ ఊరికి పొద్దస్తమానం ముఖం చూసుకోవడం తప్ప ఇంకో పని లేదా?"

పక్కనున్నవాళ్ళు తిరిగి చూశారు. నేను ఆమె మోచెయ్యి పట్టుకున్నాను. విదిలించుకుంది.

ఆఖరికి నీలం హాలు దగ్గరికి వచ్చాం. అంటే, అంతస్తులంతస్తులుగా కార్లు పెట్టే భవనం దగ్గరికి. అత్త ఆ చివరి ఫొటో బయటికి తీసింది. హాలు ముందు గోడ సగం లేదు. మిగతా సగానికి నీలం గాజు కిటికీలు ఇంకా అలాగే ఉన్నాయి. గోడను కూల్చే యంత్రం తొండం ఎత్తి నిలబడింది.

"దీని గురించి మీ పుస్తకంలో ఏం రాశారు?"

ఛైర్మన్ రాసిన ముందుమాట నా ఫోన్‌లో ఉంది. చదివాను. 'వయసు మీదపడి, గోడలు బీటలు వారి, ఒక వానాకాలం నీలం హాలు తనంతట తానే ఒరిగిపోయింది. మా కుటుంబం కన్నీళ్ళతో వీడ్కోలు పలికింది.'

అత్త నవ్వింది. నేను ఆమె దగ్గర అంతకుముందు అలాంటి నవ్వు వినలేదు. తర్వాత ఆ భవనం మెట్ల మీదే కూర్చుని చెప్పింది.

హాలు మూసేస్తామని పెద్ద యజమాని, అంటే ఇప్పటి ఛైర్మన్ తండ్రి, ఒకరోజు ఉన్నట్టుండి చెప్పాడట. పాటగాళ్ళు, వాయిద్యాలవాళ్ళు, వడ్డించేవాళ్ళు, ఊడ్చేవాళ్ళు అందరూ కలిసి బయటికి రామని కూర్చున్నారు. వంతులేసుకుని అక్కడే పడుకునేవారు. లోపల మనుషులుంటే గోడలు కూల్చలేరు కదా. అలా చాలా రోజులు గడిచాయి. ఆ మధ్యలో డ్రమ్స్ వాయించే పొట్టాయన గుండె ఆగి పోయాడు. హాల్లోనే, తన డ్రమ్ముల పక్కనే.

"అందరం శ్మశానానికి వెళ్ళాం. ఒక్కరినైనా ఉంచి వెళ్దామా అన్నారు ఎవరో. నేనే అన్నాను, శవం లేచిన రోజున ఎవడు చేస్తాడు అలాంటి పని, ఆపాటి సిగ్గు ఉండదా అని. లేదు. తిరిగొచ్చేసరికి వీధి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తెల్లటి దుమ్ము. పియానో, డ్రమ్ములు, మా బట్టలు, అన్నీ దానికింద. బీటలు వారిందట! ఆ గోడకి మేకు దిగాలంటే ఇద్దరు మగాళ్ళు చెమటలు కక్కేవాళ్ళు."

"మరి ఈ ఫొటో?"

"తమ్ముడు తీశాడు. కెమెరా కోసం మా అందరికంటే ముందే వెనక్కి వచ్చి చూశాడు. ఎదురు లాడ్జీ డాబా ఎక్కి తీశాడు. ఇటు చూడు. ఎడమవైపు."

ఎడమవైపు ఒక గొడుగు. దానికింద తెల్ల చొక్కా వేసుకున్న కుర్రవాడు, నడుం మీద చెయ్యి. యంత్రాన్ని చూస్తున్నాడు. ఛైర్మన్ ఆఫీసు నన్ను కోసెయ్యమన్నది ఆ ముక్కనే.

మర్నాడు ఇద్దరం ఛైర్మన్ ఆఫీసుకి వెళ్ళాం. మమ్మల్ని కూర్చోబెడతాడనుకోలేదు. కానీ అత్త ఎవరో చెప్పగానే లోపలికి పిలిచి, లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. తల నెరిసింది, మర్యాదస్తుడు.

"అమ్మా, మీ పాటంటే మా నాన్నగారికి ప్రాణం."

"ఆయన ప్రాణం సంగతి తర్వాత బాబూ. పొట్టాయన ప్రాణం పోయినప్పుడు మీరెక్కడున్నారు?"

ఫొటోని బల్లమీద పెట్టింది. ఆయన దాన్ని చూశాడు గానీ ముట్టుకోలేదు.

"పాత సంగతులండీ. పుస్తకం చూసేవాళ్ళకి నాలుగు తీపి జ్ఞాపకాలు కావాలి. మీకు ఒక పేజీ మొత్తం ఇస్తాను. మీ ఫొటో, మీ పేరు, మీ గురించి..."

"నా ముఖాన్ని మీ అబద్ధానికి అట్టగా వేస్తారా?"

ఆయన గొంతు తగ్గించి, "నాకప్పుడు మీసాలు కూడా సరిగ్గా రాలేదమ్మా. నాన్న నిలబడమన్నారు, నిలబడ్డాను," అన్నాడు.

అత్త కుర్చీ ముందుకు లాక్కుంది. "ఆ ముక్కే రాయండి. నాన్న నిలబడమన్నారు, నిలబడ్డాను అని రాయండి చాలు. నేనే వచ్చి మీ సభలో పాడతాను. ఈ గొంతు ఎంత పలికితే అంత పాడతాను."

ఆ క్షణంలో ఆయన రాస్తాడేమోనని నాకనిపించింది. పెదవి కదిలింది కూడా. అంతలో గోడమీద తండ్రి ఫొటో వైపు చూసి, గంట నొక్కాడు.

"మేనేజర్ గారూ, వీళ్ళని కిందదాకా దింపి రండి."

లిఫ్టులో అత్త పిడికిళ్ళు విప్పలేదు. రోడ్డుమీదికి రాగానే, "పిన్ని దగ్గరికి పోనీ," అంది ఆటోవాడితో, అతనికి పిన్ని ఎవరో తెలిసినట్టు. అడ్రసు నేను చెప్పాను.

పిన్నిది టైలరింగ్ షాపు. మిషన్ ఆపకుండానే మమ్మల్ని కూర్చోమంది. అత్త నిలబడే అడిగింది.

"ఆ నెగెటివ్‌లు వెనక్కి తీసుకో."

"ఎందుకు తీసుకోవాలి?"

"వాళ్ళకెందుకిచ్చావు? ఎవరనుకున్నావు వాళ్ళని?"

పిన్ని మిషన్ ఆపింది. "తెలుసు వదినా. తెలిసే ఇచ్చాను. తండ్రి చేసినదానికి కొడుకుని ఎన్నాళ్ళు తిట్టుకుంటాం?"

"చచ్చేదాకా."

"నువ్వు తిట్టుకో. నీకేం, స్టేజీ ఎక్కితే చప్పట్లు కొట్టారు, వెలుగులో నిలబడ్డావు. మా ఆయన్ని ఎవరు చూశారు? ఎప్పుడూ కెమెరా వెనకాలే. ఈ ఊరంతా ఆయన కళ్ళతో చూసుకుంటుంది, ఆయన పేరు మాత్రం ఒక్కడికీ తెలీదు. ఒక్క పుస్తకం మీద, ఒక్కసారి, ఆయన పేరు చూడాలని ఉండదా నాకు? నీ కోపం చల్లారడం కోసం మా ఆయన్ని ఇంకోసారి తగలెయ్యమంటావా?"

నాకు తెలిసి అత్త ఎవరి ముందూ అలా తెల్లబోయి నిలబడలేదు. పిన్ని అన్నది అబద్ధం కాదు. ఇద్దరి మధ్యా నేను బొమ్మలా కూర్చున్నాను. చివరికి, పిన్నికి తెలియాలి కదా అని, ముందుమాటలో మిగిలిన భాగం కూడా చదివి వినిపించాను.

'ఆ చివరి రోజును పదిలపరచాలని మా నాన్నగారు మా ఫొటోగ్రాఫర్‌ని ఆప్యాయంగా పిలిపించి, దగ్గరుండి ఫొటోలు తీయించారు.'

పిన్ని చేతిలో టేపు జారి కిందపడింది.

"ఏదీ, మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాను.

"ఆప్యాయంగా పిలిపించి," అంది పిన్ని మెల్లగా. "డాబా మీంచి జుట్టు పట్టుకుని ఈడ్చుకొచ్చారు. కుడిచెయ్యి గుమ్మంలో పెట్టి తలుపేశారు. ఫిలిం అంతకుముందే లాడ్జీ వంటాయన చేతిలో పెట్టాడు కాబట్టి మిగిలింది. ఆ చేత్తో మళ్ళీ అన్నం ముద్ద కలపలేకపోయాడు. చచ్చేదాకా నేనే తినిపించాను. దగ్గరుండి తీయించారా?"

లేచింది. కుడుతున్న బట్ట అలాగే సూదికింద వదిలేసి, షాపు షట్టరు దడాలున కిందకి లాగింది. "పద వదినా. ఏమే, ఆ పెట్టె మీ ఆఫీసులోనే ఉందిగా?"

ఉంది. మా స్టూడియో యజమాని తలుపు దగ్గరే అడ్డం నిలబడ్డాడు. క్లయింటుకి ఏం చెప్పాలి, ప్రెస్సుకి వెళ్ళాల్సిన పుస్తకం, ఇలా అయితే ఎలా అని మొత్తుకున్నాడు. పిన్ని ఒకటే మాట అంది. "అరువిచ్చాను, దానమివ్వలేదు." పెట్టె నేనే తెచ్చి ఆమె చేతుల్లో పెట్టాను. కంప్యూటర్లోంచి స్కాన్లు కూడా ఆయన కళ్ళముందే తీసేశాను.

"రేపట్నించి నువ్వు రావక్కర్లేదు," అన్నాడాయన నాతో.

"సరే," అన్నాను. ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు. ఒళ్ళంతా మండిపోతోంది.

పుస్తకం ఆగలేదు. అలాంటివి ఆగవు. వేరేవాళ్ళ దగ్గర ఫొటోలు కొన్నారు, నీలం హాలుకి ఎవరిచేతో రంగుల బొమ్మ వేయించారు. బొమ్మలో హాలు మీద వాన కురుస్తూ, గోడలు అందంగా ఒరిగిపోతూ ఉన్నాయి. ముందుమాటలో అక్షరం మారలేదు. సభ బాగా జరిగిందని పేపర్లో వచ్చింది. అత్త ఆ పేపరు చించలేదు, చదివి మడిచి పక్కన పెట్టింది. ఆ రోజంతా పిల్లలకి పాఠం చెప్పలేదు.

మర్నాడు పిన్ని తన షాపు అద్దంలో వేలాడే జాకెట్లన్నీ తీసేసింది. వాటి స్థానంలో బాబాయ్ ఫొటోలు పెట్టింది. కింద ఏం రాయాలో అత్తా పిన్నీ చెప్పారు, నేను రాశాను. పోస్టుమాస్టరు పడిపోయిన ఫొటో చూసి జనం నవ్వుకుంటూ ఆగేవారు. అలా ఆగినవాళ్ళ చూపు పక్కనే ఉన్న ఫొటో మీద పడేది. దాన్ని మేం ఎటువైపూ కొయ్యలేదు. 'పొట్టాయన్ని సాగనంపడానికి మేమంతా వెళ్ళిన రోజు, నీలం హాలును కూల్చారు. గొడుగు కింద ఉన్నది ఇప్పటి ఛైర్మన్. ఈ ఫొటో తీసినందుకు మా ఆయన చెయ్యి విరగ్గొట్టారు' అని కింద రాసుంది. దానికింద బాబాయ్ అసలు పేరు, పెద్ద అక్షరాల్లో.

కొందరు చదివి తలదించుకుని వెళ్ళిపోయేవారు. కొందరు లోపలికొచ్చి, ఇప్పుడివన్నీ ఎందుకమ్మా అనేవారు. ఒక ముసలాయన మాత్రం అద్దానికి నుదురు ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. తాను నీలం హాల్లో గ్లాసులు కడిగేవాణ్ణనీ, ఆ రోజు పాడెకి ఒక భుజం తనదేననీ చెప్పి, అత్తను చూసి భోరుమన్నాడు. అత్త ఏడవలేదు. "ఏడవకు. ఇది ఏడ్చే సంగతి కాదు," అని కసిరింది.

తర్వాత మేనేజర్ వచ్చాడు. మమ్మల్ని కిందదాకా దింపినాయనే. ఫొటో తీసెయ్యకపోతే కేసు పెడతామన్నాడు.

"నా షాపు, నా మొగుడు తీసిన ఫొటో," అంది పిన్ని, దారం కొరుకుతూ. "కేసు పెట్టమను. కోర్టులో జడ్జిగారు అడిగితే గొడుగు కింద ఎవరో ఆయనే చెప్పాలి. ఇంతకీ తమరికేమైనా కుట్టాలా? నోటికి కుట్లు కావాలంటే వెయ్యగలను."

అతను వెళ్ళిపోయాడు. కేసు రాలేదు. ఒక ఉదయం పిన్ని షట్టరు తీసేసరికి లోపలి అద్దం బద్దలై ఉంది. వెనక కిటికీ ఊచలు వంచి వచ్చారు. ఫొటోలన్నీ చింపి నేలంతా వెదజల్లారు. నెగెటివ్‌ల పెట్టె మా ఇంట్లో ఉందని వాళ్ళకి తెలియదు.

నేనూ అత్తా వెళ్ళేసరికి పిన్ని గాజుపెంకులు ఊడుస్తోంది. అత్త చీపురు లాక్కుంది. ఆమె ఊడుస్తుంటే పిన్ని పెంకులు బుట్టలోకి ఎత్తింది. చెత్తబుట్ట నిండాక పిన్ని నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఖాళీ చట్రం కొలత తీసింది.

"ఈసారి అద్దం వద్దు," అంది నాతో. "గోడకే అంటిద్దాం, బయటివైపు. ఎంత పెద్ద సైజు వస్తుందో కనుక్కో."

"గోడంత వస్తుంది పిన్నీ."

"అయితే గోడంత వేయించు," అంది అత్త.