రెప్ప వేసిన చుక్క

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోరు మంచిది కాదు. ఆఫీసులో వెనకాల నన్ను మిరపకాయ అంటారని తెలుసు, అనేవాళ్లెవరో కూడా తెలుసు. కానీ పాత ఫిల్ము మీద పడ్డ గీతని జాడ లేకుండా చెరపడం ఆ అంతస్తులో నా ఒక్కదానికే చేతనవును కాబట్టి ముఖం మీద ఎవరూ అనరు.

అందుకే ఓడ సీరియల్ వచ్చి నా నెత్తిన పడింది. నేను పుట్టకముందు టీవీలో వచ్చిన సీరియల్ అది. ఒక లోహపు ఓడ చుక్కల మధ్య తిరుగుతూ, దిగిన ప్రతి గ్రహం మీదా ఏదో ఒక తగువు తెచ్చుకుంటుంది. అప్పట్లో జనం నోళ్లు వెళ్లబెట్టి చూశారట. ఇప్పుడు చూస్తే ఓడ అట్టపెట్టెలా ఉంటుంది, దాన్ని వేలాడదీసిన దారాలు కనబడతాయి, రాక్షసుడి వీపు మీద జిప్పు కనబడుతుంది. కథనీ నటులనీ అలాగే ఉంచి, ఓడనీ గ్రహాలనీ ఆకాశాన్నీ కంప్యూటర్లో కొత్తగా చేసి మళ్లీ వెయ్యాలని హక్కులున్నవాళ్లకి బుద్ధి పుట్టింది. నా వంతుకి చుక్కలు వచ్చాయి.

ఆ చుక్కలంటే ఒక నల్ల గుడ్డ. గోడంత గుడ్డకి మేకుతో చిల్లులు పొడిచి, వెనక బల్బులు వేలాడదీశారు. ఓడ కిటికీలోంచి కనబడే ఆకాశమంతా అదే. గుడ్డ వెనక ఒకరు స్టూలెక్కి నిలబడి కర్రతో బల్బులని కదుపుతుంటే చుక్కలు మినుకుమినుకుమనేవి.

అలా కదిపింది మా అక్క.

మా అమ్మ ఆ స్టూడియోలో దుస్తులు కుట్టేది. ఇంట్లో చూసుకునే దిక్కు లేక అక్కని వెంట తీసుకెళ్లేది. పిల్ల ఊరికే కూర్చోవడం ఎందుకని ఎవరో మహానుభావుడు దాని చేతికి కర్ర ఇచ్చాడు. నాలుగో భాగం తీస్తున్నప్పుడు, ఆ గుడ్డ వెనకే, కరెంటు కొట్టి చనిపోయింది. తొమ్మిదేళ్లు దానికి. ఆ తర్వాత నేను పుట్టాను. ఉన్న రెండు ఫోటోలనీ నాన్న దుఃఖం పట్టలేక పొయ్యిలో వేశాడట. ఆయన కూడా పోయి చాలా కాలమైంది.

చూడని మనిషి మీద అసూయ పడటం ఎలా ఉంటుందో నన్నడగండి. "బుజ్జమ్మ అయితే ఇలా ఎదురు చెప్పేది కాదు" అని అమ్మ అనకుండా ఒక్క వారం గడిచేది కాదు. బుజ్జమ్మకి పెద్దయ్యే వీలు లేదు కాబట్టి తప్పు చేసే వీలూ లేదు. నేను ఆ రెండూ చేశాను. అయినా ఈ మధ్య ఒక ఉదయం నేను అమ్మకి తల దువ్వుతుంటే, తను అద్దంలోకి చూస్తూ అన్న మాటకి నా కోపమంతా నీరుగారిపోయింది.

"దాని ముఖం గుర్తు రావట్లేదే. ఎంత తలుచుకున్నా జడ వస్తోంది, గౌను వస్తోంది. ముఖం రావట్లేదు."

ముడి వేసి పిన్ను పెట్టాను. నా దగ్గర ఏముందని ఇవ్వడానికి? ఆ నెలలోనే ఓడ సీరియల్ పని వచ్చింది. అమ్మకి చెప్పలేదు. మానుతున్న పుండుని గోకడం ఎందుకని ఊరుకున్నాను.

నెగెటివ్‌ని కొత్తగా స్కాన్ చేశారు. గుడ్డ పోగులు కూడా లెక్కపెట్టుకోవచ్చు, అంత స్పష్టంగా ఉంది. పాత టీవీలో తెల్లని చుక్క అనుకున్నది ఇక్కడ అంచులు చిరిగిన చిల్లు. మూడో భాగంలో కెప్టెన్ వేషగాడు కిటికీ ముందు నిలబడి మానవజాతి గురించి ఉపన్యాసం దంచుతున్నాడు. ఆయన భుజం పైన ఒక చుక్క రెప్ప వేసింది.

మినుకుమనడం కాదు. వెనక్కి తిప్పి చూశాను. పెద్దది చేసి చూశాను. చిల్లు వెనక తడిగా మెరిసే కన్ను, దాని మీద వాలి లేచిన రెప్ప.

మా సూపర్‌వైజర్‌ని పిలిచాను. నాకంటే చిన్నవాడు. ఎప్పుడూ కాలు కింద నిప్పు పడ్డట్టు ఉంటాడని నేనే అతనికి తొందరబాబు అని పేరు పెట్టాను.

"ఎవరో లైట్లవాళ్లు అయ్యుంటారు మేడం. ఎలాగూ ఆ గుడ్డ మొత్తం తీసేసి మన చుక్కలు పెడుతున్నాం కదా. శుక్రవారం అప్పజెప్పాలి. ఆ తర్వాత స్కాన్లన్నీ వాళ్లకి వెనక్కి వెళ్లిపోతాయి, గుర్తుందిగా."

"శుక్రవారం అప్పజెప్తాను. అందాకా నా కుర్చీ చుట్టూ తిరక్కు."

అతను వెళ్లాక ఆ ఫ్రేముని మళ్లీ తెరిచాను. అది మా అక్క. అమ్మ మర్చిపోయిన ముఖం ఆ చిల్లుల వెనక ఉంది. నేను కొత్త చుక్కలు పెట్టేస్తే ఇక ఎప్పటికీ ఉండదు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. గోడ ముందు నుంచి మనిషి నడుస్తుంటే, ఒక్కో ఫ్రేములో గోడ ఎంత బయటపడితే అంత ముక్క తీసుకుని, అన్నీ అతికిస్తే మనిషి లేని గోడ వస్తుంది. దాన్నే ఇక్కడ వాడాను. బల్బుల వేడికి వెనక ఫ్యాను పెట్టినట్టున్నారు, గుడ్డ ఊగుతోంది. ఊగినప్పుడల్లా చిల్లులు జరుగుతాయి. ఒక ఫ్రేములో కనుబొమ, ఇంకో ఫ్రేములో ముక్కు అంచు. దడి పక్కన పరుగెత్తితే సందుల్లోంచి పెరడంతా కనబడుతుందే, అలాగ.

మూడో భాగం మొత్తం జల్లెడ పడితే ఒక కన్నూ, కనుబొమా తయారయ్యాయి. కనుబొమని రెండుగా చీల్చిన పాత మచ్చ కూడా వచ్చింది. నాలుగో భాగంలో చెంప కొంచెం దొరికింది. అంతటితో అయిపోయిందనుకున్నాను. ఐదో భాగం తీసేనాటికి అక్క లేదు. నిరాశగా, నా మామూలు పని చేసుకుందామని ఐదో భాగం తెరిచాను.

చిల్లు వెనక కన్ను ఉంది. అదే కన్ను, అదే మచ్చ.

మిట్టమధ్యాహ్నం. నా పక్క బల్ల దగ్గర ఇద్దరు ఏసీ తగ్గించాలా పెంచాలా అని వాదించుకుంటున్నారు. తర్వాతి భాగం తెరిచాను, ఉంది. చివరి భాగం తెరిచాను, అందులోనూ ఉంది. వేరేవాళ్లయితే కంప్యూటర్ కట్టేసి ఇంటికి పోయేవాళ్లు. నేను మొండిదాన్ని. ముక్కలు ఏరుతూనే ఉన్నాను. అవి ఒకదానికొకటి వెంట్రుకవాసి తేడా లేకుండా అతుకుతున్నాయి.

ముఖం పూర్తయింది. అది తొమ్మిదేళ్ల పిల్ల ముఖం కాదు.

నుదుటి దగ్గర నెరిసిన వెంట్రుకలు. కళ్ల కింద ఉబ్బు. పెదవుల పక్కన లోతైన గీతలు. నాకంటే పదేళ్లు పెద్దగా ఉంది, నా పోలికే. అమ్మే ఎప్పుడైనా గుడ్డ వెనక నిలబడి ఉంటుందా అనుకున్నాను. కానీ అమ్మకి అప్పుడు ముప్పై కూడా లేవు, తల నెరిసే వయసు కాదు. అక్క బతికుంటే ఇప్పుడు సరిగ్గా ఇలాగే ఉండేది. అన్ని భాగాల్లోనూ, అన్ని ఫ్రేముల్లోనూ ఆ కళ్లు ఒకే వైపు చూస్తున్నాయి. నటులని కాదు, కెమెరానీ కాదు. కెమెరాకి ఎడమ పక్కన దేన్నో చూస్తున్నాయి.

గురువారం మధ్యాహ్నం అమ్మని ఆఫీసుకి తీసుకొచ్చాను.

"ఎందుకే నన్నీ చలిపెట్టెలోకి తెచ్చావు?" అంది శాలువా కప్పుకుంటూ.

"ఒక ముఖం చూపిస్తాను. భయపడకు."

"నిన్ను పెంచాను. ఇంక దేనికి భయపడతాను?"

తెర మీద బొమ్మ తెరిచాను. అమ్మ కళ్లజోడు తుడుచుకుని పెట్టుకుంది. తర్వాత వేలు చాపి, తెరని తాకకుండా, ఆ మచ్చ దగ్గర ఆపింది.

"ఉయ్యాల బల్ల తగిలింది. రక్తం ఆగక నా కొంగంతా తడిసిపోయింది." ఇంకాస్త ముందుకి వంగింది. "ఎంత పెద్దదైపోయిందే."

ఏడుస్తుందనుకున్నాను. అమ్మ కళ్లు పొడిగా ఉన్నాయి. ఏడుపు నాకు వచ్చింది.

"ఎటు చూస్తోంది?" అని అడిగింది.

"ఎడం పక్కకి. ఎప్పుడు చూసినా అటే."

అమ్మ మెల్లగా కుర్చీలో కూర్చుంది. "నా కుట్టుమిషను అటు ఉండేది."

తనే చెప్పింది.

"గుడ్డ వెనక తీగెలు వేలాడుతుండేవి. తగులుతుందేమోనని భయమేసి, నేను పిలిచేదాకా స్టూలు దిగొద్దు, కదలొద్దు అని చెప్పి ఎక్కించేదాన్ని. ఆ రోజు షాటు అయిపోయింది. అందరూ భోజనానికి వెళ్లిపోయారు. అంచు కొంచెం మిగిలిందని కుడుతూ కూర్చున్నాను. పిలవడం మర్చిపోయాను. నిలబడీ నిలబడీ కాళ్లు లాగి తూలిందో ఏమో, తీగె పట్టుకుంది. మీ నాన్నకి కూడా చెప్పలేదే ఈ మాట."

"అమ్మా."

"చెప్పిన మాట వింటుంది అది. అదే దాని ఖర్మ. నువ్వైతే ఎప్పుడో దిగొచ్చి నన్ను నాలుగు తిట్టి ఉండేదానివి."

నా జన్మలో అమ్మ నన్ను మెచ్చుకుంది అప్పుడేనేమో. సంతోషించే తీరిక లేకపోయింది. అమ్మ కుర్చీలోంచి లేచి తెర ముందు నిలబడింది. ఏం చెయ్యబోతోందో నాకు తెలిసిపోయింది. ఆ బొమ్మని నేను ఇంకా విడిగా దాచలేదు. ఫ్రేముల్లో ఏది ఉంటే అదే బొమ్మలోకి వస్తుంది, అలా కలిపి ఉంచాను.

"ఆగమ్మా. ముందు ఒక కాపీ తీసుకోనీ. మళ్లీ దొరకదు."

అమ్మ ఆగలేదు. పక్కగదిలో ఆడుకుంటున్న పిల్లని అన్నానికి పిలిచే గొంతుతో పిలిచింది.

"బుజ్జమ్మా. అయిపోయిందమ్మా. ఇంక దిగిరా."

బొమ్మ కదల్లేదు. ఎవరి మీద ప్రమాణం చెయ్యమన్నా చేస్తాను, కదల్లేదు. కళ్లు తుడుచుకుని మళ్లీ చూసేసరికి ముఖం ఉన్నచోట బల్బుల వెలుగు మాత్రం ఉంది. మూడో భాగం తెరిచాను. కెప్టెన్ భుజం పైన చిల్లు వెనక బల్బు. ఐదో భాగంలో బల్బు. చివరి దానిలోనూ అంతే. ఒక్క ముక్క మిగల్లేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. "కాపీ తీస్తానని చెప్పాను కదా. నీకోసమే కదా ఇన్నాళ్లూ కూర్చున్నాను. ఇప్పుడేం చూసుకుంటావు?"

"చూశాను కదే," అంది అమ్మ శాలువా సర్దుకుంటూ. "ఇంక నీ కొత్త చుక్కలు పెట్టుకో. పద, ఇంటికి పోదాం."

తలుపు దగ్గర తొందరబాబు ఎదురయ్యాడు. ఎవరికో దారి ఇస్తున్నట్టు గోడకి ఒదిగి నిలబడ్డాడు. మేమిద్దరం దాటి వెళ్లాక కూడా ఇంకాసేపు అలాగే నిలబడి, అప్పుడు లోపలికి వెళ్లాడు.

బస్టాపులో బల్ల ఖాళీగా ఉంది. ఎండ ఇంకా తగ్గలేదు. అమ్మ ఒక చివర కూర్చుంది, నేను ఆనుకుని కూర్చున్నాను. కోపంతో ముఖం రోడ్డు వైపు తిప్పుకున్నాను. వెనక అమ్మ ఏదో గొణుగుతోంది, అడుగుతోంది, ఆగి వింటోంది, మళ్లీ అడుగుతోంది. కాళ్లు నొప్పులా అని అడగడం ఒక్కటీ స్పష్టంగా వినబడింది. నన్నే అనుకుని లేదన్నాను. అమ్మ నా మాట పట్టించుకోలేదు.

కాసేపటికి నా మోచెయ్యి తట్టింది.

"కొంచెం జరగవే."

పుట్టి బుద్ధెరిగాక ఎవరు జరగమన్నా ఎందుకని అడక్కుండా జరిగినదాన్ని కాను. ఆ రోజు నోరు మెదపకుండా బల్ల చివరిదాకా జరిగాను.