తార్‌బహార్ మేడ మీద తెల్లపెట్టె

తనూజ విశాఖలో వాతావరణ శాస్త్రం ఎమ్మెస్సీ చదువుతోంది. చివరి ఏడాది ప్రాజెక్టుకు, రైల్వే ఉద్యోగాలకు వలసవెళ్లిన తెలుగువాళ్లు చాలామంది ఉండే సొంత ఊరు బిలాస్‌పూర్‌నే ఎంచుకుంది. చెట్ల నీడలో ఉండే రైల్వే కాలనీ కంటే, ఇళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకునే తార్‌బహార్ పేట ఎండాకాలంలో ఎంత ఎక్కువ వేడెక్కుతుందో కొలవాలి. అందుకని రెండు వేల ఏడు మే నెలలో రెండు తెల్ల చెక్కపెట్టెలతో దిగింది. గంట గంటకూ వేడిని తనంతట తానే నమోదు చేసుకునే చిన్న యంత్రం ఒక్కో పెట్టెలో ఉంది. ఒకటి కాలనీలో తమ క్వార్టర్ పెరట్లో పెట్టింది. రెండోది తార్‌బహార్‌లో, అమ్మ స్నేహితురాలు మంగాయమ్మ మేడ మీద.

"ఎవరూ ముట్టుకోకుండా చూడండి పిన్నీ. లోపల యంత్రానికి ఎండ తగలకూడదు."

"నాకొగ్గెయ్. నాను సూసుకుంటాను కదా!" అంది మంగాయమ్మ.

కొన్నాళ్లకు ఆ అంకెలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి చూసి తనూజ కుర్చీలోంచి లేచి నిలబడింది. ఊరంతా మాడిపోయే మధ్యాహ్నం వేళ తార్‌బహార్ చల్లబడుతోంది! కాలనీ కంటే కూడా చల్లగా!

వెంటనే గైడు విశ్వనాథం గారికి ఫోన్ చేసింది. "సార్, ఇది ఏ పుస్తకంలోనూ లేదు!"

ఆయన నిదానంగా విన్నారు. "సంతోషం. పేపరు రాసేముందు ఓసారి మధ్యాహ్నం వెళ్లి కళ్లారా చూసి రామ్మా."

మర్నాడు చున్నీ ముఖానికి చుట్టుకుని వడగాలిలో వెళ్లింది. మెట్లెక్కి చూస్తే, మంగాయమ్మ కొంగు బొడ్లో దోపుకుని, తెల్లపెట్టె మీద తడి గోనెపట్టా కప్పి, చుట్టూ బకెట్టుతో నీళ్లు కుమ్మరిస్తోంది.

"పిన్నీ! ఏం చేస్తున్నారు?"

"ఏటా గాబరా? ఎండ తగలకూడదన్నావు కదేటి! రోజూ బోయనం అవగానే తడుపుతన్నాను. ఒక్క పూటా మానలేదు."

తనూజ పిట్టగోడ నీడలో కూలబడింది. యంత్రం చల్లదనం చూపించింది ఈ తడి వల్లేనని చెప్పింది. సంగతి తెలిశాక మంగాయమ్మ ముఖం చిన్నబోయింది. "అయ్యో, నీ సదువు పాడు సేసేసినానేటి!" అంటూ చెయ్యి పట్టుకుని కిందికి తీసుకెళ్లి, వెనకగదిలో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది.

సగం తాగేసరికి తనూజకు ఏదో తేడా తోచింది. ముందుగదిలో కొట్టిన సెగ ఇక్కడ లేదు. కూలరూ లేదు.

"ఈ గది ఇంత చల్లగా ఉందేమిటి పిన్నీ?"

"నీ పెట్టి దీని నెత్తి మీదే కదా. ఈమజ్జెన నాను ఇక్కడే తొంగుంటన్నాను. హాయిగా నిద్దర పడతంది."

తనూజ గ్లాసు పక్కన పెట్టి మళ్లీ ఫోన్ అందుకుంది. మేడ తడిపితే కింద గది చల్లబడుతుందని ఎవరికైనా తెలుసు. ఎన్ని నీళ్లకు ఎంత, ఎంతసేపు? అది ఈ వీధిలో ఎవరూ కొలవలేదు. విశ్వనాథం గారు పకపకా నవ్వారు. "కానియ్, దాన్నే ప్రాజెక్టు చెయ్యి. మంచినీళ్లు మాత్రం పారబొయ్యకండి."

బియ్యం కడిగిన నీళ్లు, బట్టలు జాడించిన నీళ్లు మేడెక్కడం మొదలైంది. పోల్చి చూడ్డానికి తడపని మేడ కూడా ఒకటి కావాలి. పక్కింటి త్రినాథరావు గారిని అడిగింది. ఆయన టికెట్ కలెక్టర్‌గా రిటైరైనా జరిమానా వేసే గొంతు మాత్రం పోలేదు.

"అచ్ఛా! ఆవిడది తడిసి సల్లబడాల, మాది మాడిపోవాల? మేమేటి పాపం సేసినాం?"

తనూజ నవ్వాపుకుని ఆలోచించింది. రెండిళ్లూ అచ్చం ఒకేలా ఉండవు. వారం వారం వంతులు మార్చుకుంటే ఆయన అలకా తీరుతుంది, తేడా నీళ్లదో ఇంటిదో కూడా తేలుతుంది. ఒప్పందం కుదిరింది. పెట్టెల్లోని యంత్రాలు తీసి రెండిళ్లలోనూ మేడ కింది గదిలో ఒక్కొక్కటి పెట్టింది. ఇక రెండిళ్లవాళ్లూ బకెట్లు పట్టుకుని పోటీలు పడ్డారు.

జూన్‌లో ఒక సాయంత్రం తొలకరి దంచికొట్టింది. వాన మొదలైన వేళ రాసుకోవడానికి తనూజ పరుగెత్తుకొచ్చేసరికి త్రినాథరావు గారు లుంగీ ఎగ్గట్టి గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"ఈ వారం తడి మాదమ్మా! ఆవిడ మేడ మీద కూడా కురుస్తంది, రాసుకో!"

తడిపిన మేడ కింద గది మూడు డిగ్రీల పైచిలుకు చల్లగా ఉందని లెక్క తేలింది. విశాఖలో పరీక్షకులు గుచ్చి గుచ్చి అడిగారు, చివరికి మెచ్చుకున్నారు. బయటికి రాగానే తనూజ బిలాస్‌పూర్‌కు ఫోన్ చేసింది.

"పిన్నీ, ప్రాజెక్టు పుస్తకంలో మొదటి పేజీలోనే మీకూ త్రినాథరావు గారికీ కృతజ్ఞతలు రాశాను."

"ఇంగిలీసులోనే కదేటి? నాకేటి తెలస్తాది! తెలుగులో సెప్పు, వింటన్నాను."

తనూజ వరండా మెట్ల మీద కూర్చుని పుస్తకం తెరిచింది. ఒక్కో వాక్యమే తెలుగు చేస్తూ చదివి వినిపించింది.