ఎర్రకుట్టు కన్నం

నేను ఒక నూలుచీర చెంగును. మంగళగిరి మగ్గం మీద పుట్టాను. వైద్య కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే డాక్టర్ వరూధిని ఆ చీరను చిరిగేదాకా కట్టి, చివరికి నన్ను మాత్రం కత్తిరించి దాచుకుంది.

పొట్టలో జీర్ణాశయాన్నీ పేగులనూ కప్పుతూ పలచని పొర ఒకటుంటుంది. దాని మడతలూ, మడతల మధ్య గదులూ పుస్తకంలో చూస్తే తల తిరుగుతుంది. అందుకే ఆవిడ నన్ను బల్ల మీద మడిచి చూపించేది. జీర్ణాశయం వెనక దాగిన గదికి చిన్న కన్నమే దారి. నాకూ ఒక కన్నం కోసి, ఎర్రదారంతో అంచు కుట్టింది. పిల్లలంతా అందులో వేలు దూర్చి అర్థమైందనేవారు. సగంమందికి అర్థమయ్యేది కాదు, అది వేరే సంగతి. నేను మాత్రం మహారాణిలా వెలిగాను.

అంతలో ఆసుపత్రికి సీటీ స్కాన్ వచ్చింది. దానికి ఏసీ గది. గుడికి వెళ్లినట్టు చెప్పులు విప్పి వెళ్లాలి. మనిషిని లోపలికి తోస్తే పొట్టనంతా పొరపొరగా చూపిస్తుందట. పాఠంలో దాని బొమ్మలు ముందుకొచ్చాయి, నేను ఆవిడ హ్యాండ్‌బ్యాగులో కళ్లజోడు తుడిచే గుడ్డనయ్యాను. కడుపు మండిందని దాచడమెందుకు? సవతి కూడా అంత ఏడిపించదు.

పోయిన వేసవిలో ఆవిడకు జీర్ణాశయం వెనకుండే క్లోమం వాచింది. మందులిచ్చినా జ్వరం తగ్గలేదు. స్కాన్ తీశారు. దాన్ని చూసిన డాక్టర్ కిరీటి ఒకప్పుడు నా కన్నంలో వేలు పెట్టినవాడే. జీర్ణాశయం నిండా నీరుందన్నాడు. ఆ నీరు తీద్దామని ముక్కులోంచి గొట్టం వేస్తే ఏమీ రాలేదు. తలగడ పక్క బ్యాగులో నాకు పండగే. అంత గొప్ప యంత్రమూ పప్పులో కాలేసింది!

ఆ సంబరం సాయంత్రానికి చచ్చింది. ఆవిడకు చలి పుట్టి మంచమే ఊగింది. యంత్రం ఓడితే పోయేది ఆవిడ ప్రాణమని అప్పుడు తెలిసొచ్చి భయపడ్డాను.

ఆవిడే కిరీటిని పిలిపించింది.

"నా బ్యాగులో గుడ్డ ఉంది, తియ్యి. ఆ ఎర్రకుట్టు కన్నంలో వేలు పెట్టు."

పెట్టాడు.

"ఎక్కడికి పోయిందిరా?"

"జీర్ణాశయం వెనక్కి, మేడమ్."

"మరి నువ్వు చూసిన నీరు దాని లోపలుందా, వెనకుందా?"

స్కాన్ బొమ్మల దగ్గరికి పరుగెత్తాడు. మళ్లీ చూస్తే జీర్ణాశయం ముందువైపు తమలపాకులా అణిగిపోయి ఉంది. వెనక గది నిండా చీము. బొమ్మలో మొదటినుంచీ అలాగే ఉందట, చూసినవాడే పొరబడ్డాడు. అంటే యంత్రం ఓడిపోలేదు. ఆ మాట చెవినపడగానే నాకు మళ్లీ మండింది. అది చూపిన దారిలోనే సూది దించి చీము తీశారు. జ్వరం దిగింది.

ఇప్పుడావిడ మళ్లీ పాఠం చెబుతోంది. ముందు తన స్కాన్ ఫిల్ములే లైటు పెట్టె మీద తగిలిస్తుంది, తర్వాతే నన్ను పరుస్తుంది. పాఠమయ్యాక ఫిల్ముల మీద గీతలు పడకుండా నాలో చుట్టి బీరువాలో పెడుతుంది. సవతి బిడ్డను ఒళ్లో వేసుకుని పడుకోవడం నా వంతయింది. అసూయ పోయిందా అంటే పోలేదు. కానీ ఆ ఫిల్ముల్లో ఉన్నది ఆవిడ పొట్ట. అందుకని కాస్త గట్టిగానే చుట్టుకుంటాను.